జూలై ఒకటో తారీఖు

కిటికీ తెర మళ్ళీ కిందికి దిగింది.

వెర్నా గిన్నెలో కలుపుతున్న పంచదార ముద్దని పక్కన పెట్టింది. చేతులు ఆప్రాన్‌కి తుడుచుకుని, కిటికీ దగ్గరికి వెళ్ళి తెర పైకి చుట్టేసింది. ఎండ వంటింటి బల్ల మీదా, బల్ల మీదున్న కేకు మీదా పడింది.

ట్రైఫీనా కుర్చీలోంచి లేచింది. నల్ల గౌను, రొమ్ము మీద, యుద్ధానికెళ్ళి రానివాళ్ళ గుర్తుగా, నీలంరంగు చిన్న పూలగుత్తి. యాభై దాటినా నిటారుగా నడిచే మనిషి. కోడలిని రాసుకుంటూ వెళ్ళి తెర దించి, వచ్చి తన కుర్చీలో కూచుంది.

"చీకట్లో కేకు మీద పేరెలా రాయను అత్తయ్యా?"

"రాయమని నేను చెప్పలేదు."

"నిన్న ఇది పొయ్యిలో పెడుతుంటే మీరిక్కడే కూచున్నారు. అప్పుడేమీ అనలేదే?"

"నిన్న జూన్."

హెడ్లీ పొయ్యి పక్కన నిలబడి టీ తాగుతున్నాడు. కప్పు ఖాళీ అయి చాలాసేపయింది. అయినా అప్పుడప్పుడూ నోటిదాకా తీసుకెళ్ళి దించుతున్నాడు. తల్లికీ పెళ్ళానికీ మధ్య నిలబడ్డవాడికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి.

"ఈ రోజు ఇప్పుడు మీ ఒక్కరిదే కాదు," అంది వెర్నా. "దేశమంతా సెలవు. మన పోస్టాఫీసు కూడా మూశారు. మా పీటర్‌బరోలో ఈపాటికి జనం బుట్టలు మోసుకుంటూ సరస్సు దగ్గరికి బయల్దేరి ఉంటారు. బ్యాండు వాయిస్తారు. పిల్లలు పరుగుపందేలు ఆడతారు. స్ట్రాబెర్రీలు, ఐస్‌క్రీమ్, చీకటి పడ్డాక బాణాసంచా. కెనడా పుట్టినరోజు ఇవాళ. మనం ఉన్నది కెనడాలో."

"నువ్వున్నావు."

"మీరూ ఉన్నారు అత్తయ్యా. మార్చి నెలాఖరు నుంచీ ఉన్నారు."

"ఓటు అడిగినప్పుడు వద్దనే వేశాను. వేసింది నేనొక్కదాన్నే అయ్యాను ఈ ఇంట్లో." ట్రైఫీనా కొడుకు వైపు చూడలేదు. చూడకుండానే ఆ మాట అతనికి తగిలింది. అప్పటిదాకా వేరుగా ఉన్న న్యూఫౌండ్‌లాండ్ కెనడాలో కలిసిన రోజున, తమ ఊరు కిట్టివేక్ కోవ్‌లో ఆవిడ తలుపుకి నల్లగుడ్డ కట్టింది. ఔనని ఓటేసిన కొడుకు ఆ గుడ్డ కింద తల వంచుకునే లోపలికీ బయటికీ తిరిగాడు.

"అయిందేదో అయిందమ్మా," అన్నాడు హెడ్లీ.

"అయింది. అందుకే ఆ సంగతి నేనెత్తలేదు. ఎత్తింది నీ పెళ్ళాం."

"నేనెత్తింది మీ ఓటు సంగతి కాదు, మీ మనవరాలి సంగతి," అంది వెర్నా. "దానికి ఇవాళ్టితో ఆరేళ్ళు నిండుతున్నాయి. పుట్టిన రోజున పుట్టినరోజు చేసుకోలేదెప్పుడూ. ఒక ఏడు మూడో తారీఖున, ఒక ఏడు వారం తర్వాత. నిరుడు మర్చేపోయాం. అది చేసిన తప్పేమిటో చెప్పండి."

"పిల్లనేమీ అనలేదు నేను. కేకు రేపు పెట్టు. ఎల్లుండి పెట్టు. ఇవాళ్టి రోజు మీ మామగారిది."

"ఆయన పోయి ముప్ఫై మూడేళ్ళయింది."

"పోయాడని ఎవరు చెప్పారు నీకు? కనపడలేదని సైన్యం నుంచి రాశారు నాకు. ఎక్కడ పాతిపెట్టారో ఎవరూ రాయలేదు. గొయ్యి కూడా లేని మనిషికి ఏడాదికొక రోజు ఉంది. మీ దేశం ఇంత ఉందే, తూరుపు నుంచి పడమరకి. ఆ ఒక్క రోజూ కావాల్సొచ్చిందా మీకు?"

వెర్నా బల్ల అంచు పట్టుకుని నిలబడింది. ఈ ఇంటికొచ్చాక ఎన్ని మాటలకి ఎదురుచెప్పిందో గానీ ఆ మాటకి ఎప్పుడూ చెప్పలేకపోయింది. చెబితే తనే చెడ్డదవుతుంది. చెప్పకపోతే కూతురు ఓడిపోతుంది.

"పిల్లల్ని మధ్యాహ్నానికి రమ్మన్నాను," అంది చివరికి. "రావద్దని మాత్రం చెప్పను."

"నీ ఇష్టం. నేను కిందికి రాను." ట్రైఫీనా లేచి మేడమీదికి వెళ్ళిపోయింది.

ఆవిడ వెళ్ళినా వెర్నా తెర ఎత్తలేదు. సగం చీకట్లోనే కేకు మీద డల్సీ పేరు రాసింది. చివరి అక్షరం వంకర పోయింది.

"ఒక్క మాట అనలేవా హెడ్లీ నువ్వు?"

"ఏమనను?"

"ఏదైనా. నా వైపు అనక్కర్లేదు. ఏదో ఒక వైపు."

హెడ్లీ కప్పు కడిగి బోర్లించాడు. "షెడ్డు దగ్గరికెళ్ళి వల చూసొస్తా," అన్నాడు.

*

నీళ్ళ మీదికి కట్టిన చేపల షెడ్డులో, బోర్లించిన తొట్టి మీద డల్సీ కూచుని ఉంది. కొత్త పసుపుపచ్చ గౌను. మాసిపోతుందని మోకాళ్ళ పైకి ఎత్తి పట్టుకుంది.

మిగతా ఇళ్ళ పడవలన్నీ చేపలకి వెళ్ళిపోయాయి. ఎండిపోని కాడ్ చేప వాసన, తారు వాసన. ఈ ఒక్క రోజు ఈ ఇంటి పడవ కదలదు. హెడ్లీ వల ఒళ్ళోకి లాక్కుని తెగిన కళ్ళు వెతకసాగాడు.

"నాన్నా, నేను పుట్టినప్పుడు నానమ్మ ఏడ్చిందా?"

"లేదు. నీ బొడ్డు కోసింది నానమ్మే. నల్ల గౌను విప్పేసి తెల్లది వేసుకుంది. వెలుతురు కావాలని ఆ ఒక్క ఏడూ ఇంట్లో తెరలన్నీ ఎత్తించింది."

"మరిప్పుడు ఎత్తదేం?"

"ఇప్పుడు నువ్వు పుట్టేశావుగా."

డల్సీకి అది బాగానే తోచింది. కాసేపు కాళ్ళూపుతూ కూచుంది. "అమ్మ వాళ్ళూరు, మన ఊరు ఒకటే దేశం అని టీచరు చెప్పింది. అక్కడ ఇవాళ పండగ. ఇక్కడెందుకు కాదు?"

"మొన్న మార్చి నెలాఖరు నుంచే ఒకటి. అంతకుముందు వేరు." హెడ్లీ వల మీంచి తలెత్తలేదు. "చాలా ఏళ్ళ కిందట వాళ్ళ పెద్దమనుషులు కూడబలుక్కుని, ఇవాళ్టి నుంచీ మనది ఒక దేశం అనుకున్నారు. మనల్నీ రమ్మన్నారు. మనం రాం పొమ్మన్నాం. అందుకని వాళ్ళ పండగ మనకి లేదు. తర్వాతెప్పుడో యుద్ధం వచ్చింది. సరిగ్గా ఈ రోజే ఫ్రాన్సులో మనవాళ్ళు ఎనిమిది వందల మంది కందకంలోంచి లేచి నడిచారు. మర్నాడు పేర్లు పిలిస్తే పలికినవాళ్ళు డెబ్బై మంది కూడా లేరు. అది మనకే జరిగింది. అందుకని మన ఏడుపు వాళ్ళకి లేదు."

"వాళ్ళవాళ్ళెవరూ చావలేదా?"

"చచ్చారు. వేరే చోట్ల, వేరే రోజుల్లో. ఆ రోజులు వాళ్ళకున్నాయి."

"మరి నా పుట్టినరోజు ఎటు?"

హెడ్లీ ముడి వేసిన చోటే మళ్ళీ ముడి వేశాడు.

తండ్రి అజరాయాని అతను ఎరగడు. చలికాలంలో అతను పుట్టేసరికి అజరాయా సైన్యంలో ఉన్నాడు. హెడ్లీకి తండ్రంటే ముందుగదిలో గోడ మీది ఫోటో. మీసం కూడా సరిగ్గా రాని మొహం, చెవుల మీదికి దిగిన టోపీ. ఇప్పుడా ఫోటోలో మనిషి కన్నా కొడుకే పదేళ్ళు పెద్ద. చిన్నప్పుడు ప్రతి జూలై ఒకటినా హెడ్లీని ఆ ఫోటో కింద కుర్చీలో కూచోబెట్టేవాళ్ళు. బయట ఒడ్డుకి కొట్టుకొచ్చిన చిన్న చేపల్ని పిల్లలు బకెట్లతో తోడుతూ కేకలు పెడుతుంటే వినిపించేది. ఏడుపు రావాలని ఎంత ప్రయత్నించినా వచ్చేది కాదు. తనలో ఏదో లోపం ఉందనుకునేవాడు.

కెనడాకి ఓటేసిన రోజున ఆ కుర్చీయే గుర్తొచ్చింది. ఆ సంగతి అతను వెర్నాకి కూడా చెప్పలేదు. కెనడా ఇచ్చే పిల్లల భత్యం కోసమని అందరితో పాటే చెప్పాడు.

"ఇంటికెళ్ళమ్మా," అన్నాడు. "నీ స్నేహితులొచ్చే వేళయింది."

*

వేళ దాటిపోయింది. ఎవరూ రాలేదు.

కాయితం టోపీలు బల్ల చుట్టూ పళ్ళేల మీద పెట్టి ఉన్నాయి. డల్సీ గుమ్మంలో నిలబడి కొంతసేపు చూసింది. తర్వాత వచ్చి తన కుర్చీలో కూచుని, తన టోపీ తనే పెట్టుకుంది.

వెర్నా ఆప్రాన్ విప్పి కుర్చీ మీద పడేసి పక్కింటికి వెళ్ళింది.

సెలీనా పెరట్లో కంచె మీద దుప్పట్లు ఆరేస్తోంది. వెర్నాని చూసి ఆరేసిన దుప్పటినే మళ్ళీ సవరించింది.

"మీ ఊనా రాలేదేం?"

"కడుపునొప్పంది పొద్దున్నుంచీ."

"అదిగో సెలీనా, గుమ్మంలో గెంతుతోంది."

సెలీనా వెనక్కి తిరిగి చూడలేదు. "నిన్ను నొప్పించాలని కాదు వెర్నా. ఊనాని నా చేతుల్లో పెట్టింది మీ అత్తగారు. మా అమ్మకి కళ్ళు మూసింది కూడా ఆవిడే. ఆవిడ తెరలు దించుకుని కూచున్న ఇంట్లోకి కాయితం టోపీలు పెట్టుకోడానికి పిల్లనెలా పంపను?"

"ఆవిడ పంపొద్దని చెప్పారా?"

"ఆవిడేమీ అనలేదు. అనాలా?"

"ఊరంతా పోయినవాళ్ళ ప్రార్థనలు దగ్గర్లోని ఆదివారానికి పెట్టుకుంది. చర్చికి నేనూ వస్తాను, ప్రతి ఏడూ వస్తున్నాను. తారీఖు పట్టుకు కూచుంది ఆవిడొక్కరే."

"మేం పని చూసుకున్నాం. ఆవిడ చూసుకోలేదు. అది మాకు తెలీదనుకుంటున్నావా?"

ఎంతో కాలంగా గొంతులో ఉన్నది వెర్నాకి బయటికొచ్చేసింది. "ప్రతి నవంబరులో మీరు పీపాలు, కొమ్మలు కుప్ప పోసి కాలుస్తారు. ఎవడో ఎన్నో వందల ఏళ్ళ కిందట లండన్‌లో రాజుని పేల్చబోయాడట. మా ఊళ్ళో ఆ మంట ఎవరూ వెయ్యరు. ఎందుకేస్తున్నారో మొదటి ఏడు నాకర్థం కాలేదు. అయినా వచ్చాను. మీతో పాటు కొమ్మలు మోశాను. జుట్టు కాల్చుకున్నాను, అందరూ నవ్వితే నేనూ నవ్వాను. మా అక్టోబరు పండగకి ఎనిమిదేళ్ళుగా పిలుస్తున్నాను. పంట చేతికొచ్చిందని దేవుడికి దణ్ణం పెట్టుకుని నలుగురూ కలిసి భోంచెయ్యడం, అంతే అది. ఒక్కళ్ళొచ్చారా?"

"ఇక్కడ పంటేముందే, రాళ్ళూ టర్నిప్ దుంపలూ," అంది సెలీనా. "వాటికి దణ్ణం పెడితే దేవుడు వెక్కిరించామనుకుంటాడు."

తనే కొంచెం నవ్వింది. వెర్నా నవ్వలేదు.

"మంచిదానివే నువ్వు," అంది సెలీనా నవ్వు ఆపేసి. "ఎవరన్నా కాదన్నారా? కానీ బయట నుంచి వచ్చావు."

"ఎన్నేళ్ళుంటే లోపలిదాన్నవుతాను?"

సెలీనా ఖాళీ బుట్ట ఎత్తుకుంది. గుమ్మంలో ఉన్న ఊనాని భుజం పట్టి లోపలికి తోసి, తనూ వెళ్ళి తలుపు మెల్లగా వేసుకుంది. గట్టిగా వేసుకున్నా బాగుండునని వెర్నాకి అనిపించింది.

*

తిరిగొచ్చేసరికి బల్ల దగ్గర లెవీ కూచుని ఉన్నాడు.

లెవీ అజరాయా తమ్ముడు. అన్నతో పాటు సైన్యానికి వెళ్ళాడు, ఆ పొద్దున అన్న పక్కనే నడిచాడు, కాలు ఈడ్చుకుంటూ తిరిగొచ్చాడు. పెళ్ళి చేసుకోలేదు. అప్పట్నుంచీ ఈ ఇంటి పొయ్యిలోకి కట్టె, ఈ ఇంటి పీపాలోకి చేప ఆ మనిషి చేతుల మీదుగానే వచ్చాయి. హెడ్లీకి పడవ పట్టడం నేర్పింది కూడా ఆయనే. జూలై ఒకటిన ఊళ్ళో ఆయన ఎవరికీ కనపడడు. తలుపు తట్టినా తియ్యడు.

అలాంటిది ఇప్పుడు చర్చికి వేసుకునే కోటు వేసుకుని, నెరిసిన తల మీద ఎర్ర కాయితం టోపీ పెట్టుకుని, కేకు తింటున్నాడు. హెడ్లీ షెడ్డు నుంచి వచ్చి తలుపు దగ్గర అలాగే నిలబడిపోయాడు.

"కూచోమ్మా," అన్నాడు లెవీ వెర్నాతో. "జామ్ ఎవరు చేశారు?"

"నేనే మామయ్యా. పోయిన శరదృతువులో ఏరిన పళ్ళు."

"కొంచెం పులుపు. పులుపే బాగుంటుంది."

"తాతా, నీ టోపీ జారిపోతోంది," అంది డల్సీ.

"నా తల చిన్నదమ్మా. సైన్యంలో కూడా ఇదే గొడవ." ఆయన టోపీ చెవులదాకా లాక్కుని కళ్ళు మూసుకున్నట్టు చేశాడు. డల్సీ నవ్వింది. పొద్దున్నుంచీ ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు. అది మేడమీదికి వినపడింది.

మెట్ల మీద చప్పుడైంది. డల్సీ నవ్వు ఆగిపోయింది.

ట్రైఫీనా ఆఖరి మెట్టు మీద నిలబడి మరిదిని చూసింది.

"నువ్వా లెవీ?"

"నేనే వదినా. రా. నీకో ముక్క ఉంచాం."

"ఇవాళ ఏం రోజో మర్చిపోయావా?"

"మర్చిపోయే వీలుంటే ఎప్పుడో మర్చిపోదును."

"మరి నెత్తి మీద అదేమిటి?"

"పిల్ల పెట్టింది."

"తీసెయ్."

లెవీ తియ్యలేదు. చెంచా పళ్ళెంలో పెట్టాడు. ఆయన మాటలు ఎప్పుడూ కొన్నే. ఇప్పుడు వాటిని ఒకదాని తర్వాత ఒకటి వెతుక్కుంటున్నట్టు మాట్లాడాడు.

"ఆ పొద్దున కూడా ఇలాగే ఎండ వదినా. ఎంతదాకా వెళ్ళామో వెనకవాళ్ళకి తెలియాలని మా వీపులకి రేకు ముక్కలు కట్టారు. ఎండకి అవి మెరుస్తున్నాయి. లేచి నడిచాం. అరగంటలో అంతా అయిపోయింది. అన్నయ్య నా పక్కన ఉన్నాడు, తర్వాత లేడు. అంతకు మించి నాకు తెలీదు. ప్రతి ఏడూ ఈ రోజు గదిలో తలుపేసుకుని ఆ అరగంటే చూస్తూ కూచుంటాను. చూసి చూసి ఒక్క కొత్త సంగతీ కనపడలేదు. ఈ ఏడు చూడబుద్ధి కాలేదు. పిల్ల పిలిచింది, వచ్చాను. అన్నయ్యుంటే నాకన్నా ముందొచ్చి కూచునేవాడు."

"ఆయన ఏం చేసేవాడో నువ్వు చెప్పాలా నాకు?"

"అన్నయ్య కదా వదినా నాకు."

"అన్నయ్యే. ఇద్దరూ కలిసే వెళ్ళారు. ఇదే గుమ్మంలోంచి వెళ్ళారు." ట్రైఫీనా గొంతు పెరగలేదు. ఇంకా తగ్గింది. "ఆయన రాలేదు. నువ్వొచ్చావు."

వెర్నా చేత్తో నోరు మూసుకుంది.

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ మాట ఈ ఇంట్లో ఎక్కడో ఉందని హెడ్లీకి తెలుసు. దాన్ని తప్పించుకునే అందరూ తిరిగారు. ఉప్పు అడిగినా, కట్టె పేర్చినా, పండక్కి పిలిచినా దాన్ని తప్పించుకునే మాట్లాడారు. ఇప్పుడది బల్ల మీదికొచ్చి పడింది. ఇక తీసి దాచేందుకు చోటు లేదు.

ట్రైఫీనా మొహం పాలిపోయింది.

లెవీ టోపీ తీశాడు. చిరిగిపోకుండా మడిచి డల్సీ పళ్ళెం పక్కన పెట్టాడు.

"బాగుందమ్మా కేకు," అన్నాడు ఎవరి వైపూ చూడకుండా. లేచి, కాలు ఈడ్చుకుంటూ, హెడ్లీ పక్కనుంచి బయటికి వెళ్ళిపోయాడు.

*

లెవీ షెడ్డు ముందు నేల మీద, హెడ్లీతో కలిసి వేసే వల పరిచి ఉంది. ఆయన దాన్ని రెండుగా విడదీస్తున్నాడు. కోటు ఇంకా విప్పలేదు.

"బాబాయ్, అమ్మ కోపంలో అంది."

"కోపంలో అనలేదు. కోపమొస్తే మీ అమ్మ గిన్నెలు పడేస్తుంది." లెవీ ముడి విప్పుతూనే ఉన్నాడు. "ఆ మాట ఆవిడ కళ్ళలో ఎన్నిసార్లు చూశానో. చూసినా ఫరవాలేదురా. నోటితో అననంతకాలం ఆ గుమ్మం ఎక్కగలిగాను. నేనూ రోజూ అదేగా అనుకునేది. ఇద్దరం ఒకే మాట అనుకుంటూ, పైకి అనకుండా బతికేశాం. ఇంక ఎక్కలేను."

"నా కోసం రా."

"నీ కోసమే ఇన్నేళ్ళూ వచ్చాను."

హెడ్లీ వల రెండో కొస పట్టుకున్నాడు. "దీన్ని సగం చేస్తే నీకూ పనికిరాదు, నాకూ పనికిరాదు. ఒక్కడు లాగే వల కాదిది."

"తెలుసు."

"సీజనంతా ముందే ఉంది బాబాయ్."

"తెలుసురా."

"పోనీ, ఎక్కడికెళ్తావ్?"

"ఎక్కడికెళ్తాను? ఇక్కడే ఉంటాను. పొద్దున లేస్తే మీ పొగ గొట్టం కనపడుతుంది. చర్చిలో మీ అమ్మ వెనక బల్ల మీద కూచుంటాను. అదే ఇంక." ఆయన చెయ్యి ముడి మీద ఆగింది. "ఆ కొస వదులు హెడ్లీ. తెగుతుంది."

హెడ్లీ వదిలేశాడు.

సముద్రం మీది నుంచి పొగమంచు కొండ అంచులు పట్టుకుని లోపలికి వస్తోంది. పడవలు ఒక్కొక్కటే తిరిగొస్తున్నాయి. ఎవరో చెయ్యెత్తి పలకరించారు. హెడ్లీ చూడనట్టే ఇంటి దారి పట్టాడు.

*

ఇంట్లో ఎవరూ దీపం పెట్టలేదు.

ట్రైఫీనా ముందుగదిలో, ఫోటో కింద తన కుర్చీలో కూచుని ఉంది. పక్కన చిన్న స్టూలు మీద డల్సీ. పసుపుపచ్చ గౌను ఒంటి మీద లేదు. ఆదివారాలు వేసుకునే ముదురు గోధుమరంగు గౌను వేసుకుంది. దాని మీద నానమ్మ పూలగుత్తిలోంచి తీసిన రెండు నీలిపూలు గుచ్చి ఉన్నాయి.

వెర్నా గది గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. ఏడ్చిన గుర్తులు లేవు. ఏడవడం ఎప్పుడో అయిపోయిన మనిషిలా ఉంది.

"నాన్నా, నేను నా పుట్టినరోజు మార్చేసుకున్నా," అంది డల్సీ.

"ఎప్పటికి?"

"ఫిబ్రవరికి. ఫిబ్రవరిలో మనవాళ్ళెవరూ చావలేదట. నానమ్మని అడిగి తెలుసుకున్నా. ఇంక ఎవరూ పోట్లాడుకోక్కర్లేదు."

హెడ్లీ తల్లి వైపు చూశాడు. ట్రైఫీనా కళ్ళు నేల మీద ఉన్నాయి.

"విన్నావుగా," అంది వెర్నా. "కేకు వద్దంది. నేను కొయ్యబోతే చెయ్యి పట్టుకుంది. గౌను తనే విప్పుకుంది. ఆరేళ్ళకి ఇది నేర్చుకుంది హెడ్లీ. ఇంకో ఆరేళ్ళకి ఏం నేర్చుకుంటుందో చూడ్డానికి నేనుండను. సోమవారం స్టీమరొస్తుంది. ఇప్పుడంతా ఒకటే దేశం. ఎక్కడికని ఎవరూ కాయితాలడగరు."

వద్దనాలని హెడ్లీకి ఉంది. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. రేపటి నుంచి పడవలో రెండో మనిషి లేడు. ఇంట్లో ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ఏం చూపించి ఉండమనాలి? నోరు తెరిచి, మూసుకున్నాడు.

వెర్నా అది చూసింది. అంతవరకూ ఆవిడ మొహంలో ఏదో కొంచెం మిగిలి ఉంటే, అదీ పోయింది.

కూతురి ముందు మోకాళ్ళ మీద కూచుంది. "డల్సీ, మనం అమ్మమ్మ దగ్గరికి వెళ్దాం. రైలెక్కుదాం. అక్కడ సరస్సు ఉంది, చెప్పాగా. నీ పుట్టినరోజు నీకే ఉంటుంది. ఊరంతా జెండాలు కడతారు ఆ రోజు. చిన్నప్పుడు నేను అవన్నీ నా కోసమే అనుకునేదాన్ని. నువ్వూ అనుకోవచ్చు."

డల్సీ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. నుదురు ముడిపడింది.

"నువ్వెళ్ళి రా అమ్మా," అంది. "నేనిక్కడుంటా."

"ఎందుకమ్మా?"

"లెవీ తాత ఇంక రాడని నానమ్మ అందిగా. మళ్ళీ ఏడు నానమ్మతో ఎవరు కూచుంటారు మరి?"

ఎవరో ఒకరు చెయ్యాల్సిన ఇంటిపని గురించి అడిగినట్టే అడిగింది.

ట్రైఫీనా చెయ్యి డల్సీ జుట్టు మీద ఉంది. కాలినట్టు వెనక్కి తీసుకుంది. తలెత్తి కోడలి వైపు చూసింది. ఆ చూపులో గెలుపు లేదు. ఈ ఇంటికొచ్చాక అత్తగారు దేనికైనా భయపడటం వెర్నా చూడటం అదే మొదటిసారి.

"నేనడగలేదు," అంది ట్రైఫీనా. "దేవుడి తోడు వెర్నా. పిల్లని నేనడగలేదు."

"అడగలేదు," అంది వెర్నా. "నేనిక్కడే ఉన్నానుగా."

డల్సీ ఇద్దరి మొహాలూ చూసింది. ఇంకా ఎవరో అలిగే ఉన్నారనుకుంది. స్టూలు నానమ్మ కుర్చీకి ఇంకాస్త దగ్గరగా జరుపుకుని, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, కాళ్ళూపకుండా, కదలకుండా కూచుంది.